ఆవు పేరు గోమతి

తొమ్మిదేళ్ళుగా ఒకామె పేరు మింగి కూర్చున్నాను.

రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉండలేని మనిషిని నేను. టాక్సీలో పక్కన కూర్చున్నామె ఎవరో తెలియకపోయినా, దిగేలోపు మా ఆయన గురక దగ్గర నుంచి నా పుచ్చిపోయిన పన్ను దాకా అన్నీ చెప్పేస్తాను. ఇదొక్కటే చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు, మా అమ్మకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీ ముఖం నాకు తెలియదు, నా ముఖం మీకు తెలియదు. అందుకే ధైర్యం వచ్చిందేమో.

ఒక మాట ముందే చెప్పి పెడతాను. కాళ్ళు పట్టుకోవడానికి రాలేదు. నేను చేసిన దాంట్లో ఒక ముక్కకి ఇప్పటికీ సిగ్గుపడను. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను. ఇంకో ముక్క ఉంది. అది వేరే.

మాది కడప దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. ఏడో తరగతి దాకా చదివాను. ఎనభై ఎనిమిదిలో, పంతొమ్మిదేళ్ళప్పుడు మస్కట్ వచ్చాను. చిన్న వయసు ఆడపిల్లల్ని ఇంటిపనికి పంపరని ఏజెంటు నా పాస్‌పోర్టులో ముప్ఫై ఒకటి రాయించాడు. అంటే నేను విమానం ఎక్కిన కాగితమే అబద్ధం, దాని మీద గవర్నమెంటు ముద్ర కూడా ఉంది. కాగితం మీద భక్తి నాకు ఆ రోజే పోయింది. ఇది సాకుగా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

పని దొరికింది మస్కట్ పక్కనే ఉన్న రేవు ఊరు మత్రాలో, సముద్రం రోడ్డు వెనక సందులో, చెక్క బాల్కనీలున్న పాత ఇంట్లో. కచ్ నుంచి వచ్చిన వ్యాపారులు వాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ రాయబారి, కాన్సలు, మస్కట్‌లో జెండా ఎగరేసి కూర్చున్న కాలానికే వాళ్ళ ముత్తాతలు తెరచాప పడవల్లో వచ్చి ఇక్కడ ఖర్జూరం, బట్టలు అమ్ముతున్నారట. ఇంట్లో పెద్దామెను అందరూ బా అనేవాళ్ళు. గుజరాతీలో అమ్మ అని. షుగరు వల్ల ఆమె చూపు పూర్తిగా పోయింది. ఆమెను చూసుకోవడమే నా పని. కోడలు నన్ను వంటింటి గడప దాటనిచ్చేది కాదు. బా మాత్రం, కళ్ళు పోయినదానికి అంటూ ముట్టూ ఏం కనపడతాయే, అని నా చేత్తోనే మజ్జిగ తాగేది. రోజంతా ఉయ్యాల బల్ల మీద కూర్చునేది. నేను కింద కూర్చుని మాట్లాడుతూ ఉండేదాన్ని. నీ గొంతు పోర్చుగీసువాళ్ళ కోట దాకా వినిపిస్తుంది, అక్కడి సిపాయిలు నిద్ర లేస్తారు, అని వెక్కిరించేది. ఆమె అంటే నాకు ఇష్టం. ఇది కూడా రాయాలి, లేకపోతే ఆమెను చెడ్డదాన్ని చేసినట్టవుతుంది.

నేను వచ్చిన మరుసటి సంవత్సరం ఒక ఇంగ్లీషు మేడం వచ్చింది. పాత మస్కట్ ఫొటోలు పోగుచేసి పుస్తకం వేస్తోందట. ఇక్కడ మొదట్లో స్థిరపడినవాళ్ళ ఇళ్ళన్నీ తిరుగుతోంది. బా కొడుకు, అంటే మా సేఠ్, అటక మీద నుంచి రేకు పెట్టె దింపించాడు. దాని నిండా ఫొటోలు, అట్ట మీద అతికించినవి, అంచులు పురుగు కొట్టినవి. మేడం నాలుగు పెన్సిళ్ళు ఇచ్చింది. ఎవరు ఎవరో వెనక పేర్లు రాసి ఉంచండి, పెన్ను వాడొద్దు, నెల తర్వాత వస్తానంది.

సేఠ్‌కి తీరిక లేదు. పాతవాళ్ళు తెలిసింది బాకి ఒక్కదానికే, ఆమెకి చూపు లేదు. కాబట్టి పని ఇలా సాగింది. నేను ఫొటో చూసి ఏముందో చెప్పాలి. ఆమె విని పేరు చెప్పాలి. నేను వెనక రాయాలి. ఏ అక్షరాల్లో రాయాలి? నాకు వచ్చింది తెలుగు ఒక్కటే. తెలుగులోనే రాశాను. ఆ ఇంట్లో, ఆ సందులో, ఆ సూక్ అనే బజారు మొత్తంలో నా రాత చదవగలిగేది నేనొక్కదాన్నే.

ఆ సంగతి అప్పుడు నాకు తట్టిందా? తట్టింది. ఏడో తరగతి చదివిన పనిమనిషికి అంత పెద్దరికం ఇంకెప్పుడు వస్తుంది?

మధ్యాహ్నాలు భలే గడిచేవి. కొండ రాళ్ళ మీద ఓడల పేర్లు తెల్ల రంగుతో రాసి ఉన్న రేవు. కాన్సలు ఇంటి ముందు వరసగా తలపాగాల వాళ్ళు. బా ఒక్కొక్కరి గురించి ఒక్కో కథ చెప్పేది. ఈయన పిసినారి, ఈయన రెండో పెళ్ళాం పారిపోయింది, ఈయన పందెం కాసి ఉంగరం పోగొట్టుకున్నాడు, ఇలా. ఒక రోజు వాళ్ళింటి ముంగిట్లోనే తీసిన పెద్ద ఫొటో వచ్చింది. మధ్యలో కుర్చీలో ఆమె మామగారు, పక్కన ఆయన అన్న.

"ఎడమ పక్క ఆవుంది బా," అన్నాను. "నుదుటి మీద తెల్ల మచ్చ."

"గోమతి," అంది టక్కున. "మా కచ్‌లో మాండ్వి రేవు నుంచి పడవలో తెచ్చారు దాన్ని. దారిలో నీళ్ళు తక్కువైతే మా మామగారు ఆయన తాగే నీళ్ళు దానికి పోశారంట. రాయి, గోమతి."

రాశాను. "కుడి పక్క ఒకామె నిలబడుంది. ఎత్తు మనిషి, నల్లగా ఉంది, ముక్కుకి పెద్ద రింగు. చంకలో పిల్లోడు."

"ఆ పిల్లోడు మా ఆయన. రాయి."

"ఆమె ఎవరు బా?"

"ఎవరో పనిమనిషి అయి ఉంటుంది. ఇంకోటి తియ్యి."

నేను ఇంకోటి తీయలేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్లాడు కదిలినట్టున్నాడు, ముఖం మొత్తం అలుక్కుపోయింది. ఆమె కదల్లేదు. ముంగిట్లో ఉన్న అందరిలోకీ ఆమె ముఖమే స్పష్టంగా పడింది, రెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. ఎడమ భుజం కాస్త కిందికి దించి నిలబడి నా వైపే చూస్తోంది. ఆవుకి పేరుంది. ముఖం లేని పిల్లాడికి పేరుంది. ఈమెకి లేదు.

మా జేజి పేరు మస్తాన్‌బీ. మా నాయన తల్లి. ఊళ్ళో పెద్దింట్లో ముగ్గురు పిల్లల్ని పెంచింది. వాళ్ళింట్లో ఫొటో తీసినప్పుడల్లా పిల్లల తలలు దువ్వి ముందుకి తోసి తను పక్కకి తప్పుకునేది. ఆమెను అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. సాయిబులామె, అంతే. పోయిన రోజు చూస్తే ఆమెది ఒక్క ఫొటో లేదు. ఆమె ముఖం నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు రాదు, చేతులు గుర్తొస్తాయి.

రాశాను. ఆయా మస్తాన్‌బీ, కడప. పెన్సిల్ నొక్కి మరీ రాశాను.

తప్పా? మీరు తప్పంటే అనండి. పేరు లేని మనిషికి ఒక పేరు పెట్టాను. ఆవు పేరు గుర్తున్న ఇంట్లో ఆ పాటి చెయ్యడానికి ఎవరి పర్మిషన్ తీసుకోవాలి నేను? ఇందులో నాకు సిగ్గు లేదు. ఇదే నేను ముందు చెప్పిన ముక్క.

మేడం వచ్చింది. నేను ఒక్కొక్క ఫొటో తిప్పి ఆ ఇంట్లో నేర్చుకున్న హిందీలో చదువుతుంటే ఆమె ఇంగ్లీషులో రాసుకుంది. కడప అనగానే తలెత్తి, ఎక్కడ అంది. మద్రాసు పక్క అన్నాను. ఆమె కళ్ళు వెలిగాయి. పుస్తకం వచ్చాక సేఠ్ చదివి చెప్పాడు, ఆ కాలం వ్యాపారులు ఆయాలను దక్షిణ దేశం నుంచి కూడా తెచ్చుకున్నారని ఈ ఫొటో వల్ల తెలుస్తోందని అందులో ఉందట. మా జేజి జీవితంలో రైలెక్కలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. చదువుకున్నవాళ్ళు ఇంత తేలిగ్గా నమ్ముతారా అనుకున్నాను.

సేఠ్ ఆ ఫొటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి సూక్‌లో తన బట్టల షాపులో తగిలించాడు. కింద ఇంగ్లీషులో, అరబ్బీలో పేర్లు. ఆవు పేరు కూడా. శుక్రవారం శుక్రవారం నేను ఏదో వంకతో ఆ షాపుకి పోయి చూసుకుని వచ్చేదాన్ని. నాకు అరబ్బీ రాదు. కానీ ఆ గీతల్లో ఎక్కడో మా జేజి ఉందని తెలుసు. అద్దాల ఫ్రేములో, మత్రా సూక్‌లో, మస్తాన్‌బీ. చూస్తూ చూస్తూ ఆ ముఖమే మా జేజి ముఖం అయిపోయింది నాకు. నిజం చెబుతున్నాను. కళ్ళు మూసుకుంటే ముక్కురింగుతో కనపడేది.

ఇప్పుడు ఉమ్ సాలిం గురించి చెప్పాలి.

మా సందు మలుపులో అరుగు మీద కూర్చుని పల్చటి ఒమానీ రొట్టెలు కాల్చి అమ్మేది. సాలిం వాళ్ళమ్మ అని అందరూ అలాగే పిలిచేవాళ్ళు. డెబ్భై దాకా ఉంటాయి. మత్రాలో పాతవాళ్ళందరిలాగే హిందీ మాట్లాడేది. నేను రోజూ ఆమె దగ్గర రొట్టె కొని అక్కడే తిని పది నిమిషాలు కూర్చునేదాన్ని. నువ్వు నోటిని తినడానికి కూడా వాడతావా, అని నవ్వేది. నా కథంతా ఆమెకి తెలుసు. ఆమె కథ నాకేం తెలుసు? ఏమీ తెలియదు. వాగేదాన్నే కానీ అడిగేదాన్ని కాదు. ఇప్పుడు ఆలోచిస్తే నా మాటలు అన్నిట్లో నేనే ఉండేదాన్ని.

ఆమె ఒక రోజు నమాజుకి వేసుకునే మంచి గుడ్డలు వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ లోపలికి రాని మనిషి. సేఠ్ భోజనానికి వచ్చి ఉన్నాడు. బా ఉయ్యాల మీద ఉంది. ఉమ్ సాలిం చాప మీద కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. దారం కొనడానికి షాపుకి పోయిందట. గోడ మీద వాళ్ళమ్మ ఉందట. కింద ఏం రాసి ఉందో చదవమంటే సేల్స్‌మన్ వేరే ఎవరి పేరో చదివాడట. వాళ్ళమ్మ పేరు జువైనా. ఈ ఇంట్లోనే పిల్లల్ని ఎత్తుకుని పని చేసింది. ఉమ్ సాలింకి ఆరేళ్ళప్పుడు పోయింది. ఎడమ భుజం దించి నిలబడేది, అదే తనకి గుర్తు. ఆ పేరు మార్చాలి. ఆ ఫొటో లాంటిదే చిన్నది ఒకటి ఇస్తే చాలు, తన దగ్గర అమ్మది ఏదీ లేదు.

సేఠ్ మంచివాడు. అది కూడా రాస్తున్నాను. మీ అమ్మే అయితే చిన్నది ఎందుకు, ఆ ఫ్రేమే మీ ఇంటికి పంపిస్తాను అన్నాడు. తర్వాత తల్లిని అడిగాడు. బా ఉయ్యాల ఆపింది. అంత పాత సంగతి నాకేం గుర్తు, వెనక రాసి ఉంటుంది, చదవమను అంది.

సేఠ్ పెట్టెలో నుంచి ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు.

ఎంత తేలికో చూడండి. ఆ క్షణంలో నేను ఏం చదివితే అదే నిజం. అక్షరాలు చూసేవాళ్ళు లేరు. జువైనా అని చదివితే చాలు. ఎవరికీ అనుమానం కూడా రాదు, మేడం తప్పు రాసుకుందేమో అనుకునేవాళ్ళు. నా తప్పు బయటపడకుండానే ఆమె తల్లి ఆమెకి దక్కేది. ఇది నాకు తర్వాత తట్టిన ఆలోచన కాదు. ఫొటో చేతిలో ఉండగానే తట్టింది.

"చదువు బేటీ," అంది ఉమ్ సాలిం. "నువ్వు చదివితే నేను నమ్ముతా."

"మస్తాన్‌బీ," అని చదివాను. "ఆయా. కడప."

"బాగా చూడు. ఇంకేం లేదా?"

"లేదు. అంతే ఉండాది." హిందీలో మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులోకి వచ్చేశాను.

ఆమె తన అరచేతులు చూసుకుంది. తర్వాత, "రాసి ఉంటే రాసి ఉన్నట్టే," అంది మెల్లగా. "నేను అప్పుడు చిన్నదాన్ని. మా అమ్మ ఇలా ఉండేదని నేనే అనుకున్నానేమో." లేచి సేఠ్‌కి సలాం చెప్పి వెళ్ళిపోయింది.

ఒక్క మాటతో ఆమె నోటితోనే ఆమె తల్లిని కాదనిపించాను.

ఎందుకు? పాస్‌పోర్టు సేఠ్ బీరువాలో ఉంది, పని పోతుందని భయపడ్డాను అని చెప్పుకుంటే నాకు సుఖం. కొన్నేళ్ళు అలాగే చెప్పుకున్నాను కూడా. అది కాదు. జువైనా అని చదివితే మా జేజి గోడ మీద నుంచి దిగిపోవాలి. నేను దింపదలచుకోలేదు. అంతే. పేరు లేనిదని అనుకుని పేరు పెట్టినదాన్ని, పేరుందని తెలిశాక కూడా దాన్ని తుడిచేశాను. బా ఆమె పేరు తెలుసుకోలేదు. నేను తెలుసుకుని మింగాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ దొంగ?

బాకి తెలుసు. మస్తాన్‌బీ అన్న పేరు తను చెప్పలేదని ఆమెకి తప్పకుండా తెలుసు. గోమతిని మరిచిపోని మనిషి ఆ సంగతి మరిచిపోతుందా? కానీ ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. తన మొగుణ్ణి చంకనెత్తుకున్న మనిషి పేరు తనకి తెలియదని కొడుకు ముందు ఒప్పుకోలేక ఊరుకుందేమో. నన్ను కాపాడిందేమో. రెండేళ్ళకి ఆమె పోయింది, అడగలేదు.

మర్నాడు ఉమ్ సాలిం నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. రొట్టె చేతిలో పెడుతూ, పరాయివాళ్ళ తల్లిని నా తల్లి అన్నాను, ఎంత సిగ్గు, అంది. ఆ తర్వాత, ఆమె మీ దేశం మనిషట కదా, ఆమెకి పిల్లలున్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి అంది. నేను ఆ రొట్టె తినలేకపోయాను. ఆ రోజు నుంచి వేరే సందులో నుంచి నడవడం మొదలుపెట్టాను.

తర్వాత పెళ్ళయింది. ఇప్పుడు ఈ దేశంలోనే ఖబూరా అనే ఊళ్ళో ఉన్నాను, ఆడవాళ్ళ బట్టలు కుడతాను. అసలు వయసు ముప్ఫై, పాస్‌పోర్టులో నలభై రెండు. ఉమ్ సాలిం పోయిందని మత్రా నుంచి వచ్చిన ఒకామె చెప్పింది. బట్ట కత్తిరిస్తున్నాను. ఆపలేదు. పూర్తిగా కత్తిరించాకే వెనక గదిలోకి పోయి కూర్చున్నాను.

ఆమెకి చెప్పే దారి మూసుకుపోయింది కదా, ఇప్పుడెందుకు రాస్తున్నావు అని మీరు అడగవచ్చు. మొన్న ఒక కుర్రపిల్ల జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది, మన వైపు అమ్మాయే, కొత్తగా వచ్చింది. మస్కట్‌లో మనవాళ్ళు చెప్పుకుంటున్నారంట. "అక్కా, నీకు తెల్సా, మన కడప ఆడమనిషి ఒకామె నూరేండ్ల కిందటే ఈడికొచ్చిందంట. ఫొటో కూడా ఉందంట." ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో మీరు చూడాలి. నాకు కూడా ఒక్క క్షణం ఛాతీ ఉబ్బింది. చూశారా, ఇన్నేళ్ళయినా ఉబ్బింది. అప్పుడే భయమేసింది. నేను పోయాక కూడా ఇది పోదు. మన పిల్లలు దాన్ని చెప్పుకుంటూ తిరుగుతారు. సాలిం పిల్లలు అదే గోడ ముందు నుంచి నడిచిపోతారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు, ఆ మనిషి లేదు. బాని, సేఠ్‌ని, మేడంని కూడా నాతో పాటు బోనులో నిలబెట్టాలని ఉంది, వాళ్ళలో ఒక్కరు ఆ మలుపు దాకా నడిచి అడిగి ఉంటే ఇది జరిగేది కాదు. కానీ వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. అక్కడికి వచ్చేసరికి నా నోరు పడిపోతుంది.

మా జేజికి ఫొటో లేదు. లేకపోతే లేదు.

మీరెప్పుడైనా మత్రా సూక్‌కి పోతే, ఆ షాపులో ఆ ఫ్రేము ముందు నిలబడితే, కింద రాసింది చదవకండి. ఆమె మన మనిషి కాదు. కడప ఎక్కడుందో ఆమెకి తెలియదు. ఆమెది మత్రానే. ఉమ్ సాలిం తల్లి. పేరు జువైనా. నన్ను ఏమైనా తిట్టుకోండి, ఆమెను మాత్రం ఆ పేరుతోనే పిలవండి.